శాసనసభ్యుడు లింకన్

అబ్రహాం లింకన్ పేరు చెప్పగానే మన మనస్సులో మెదిలేవి అమెరికా అధ్యక్షపీఠం, అంతర్యుద్ధం, బానిసల విమోచన ప్రకటన, గెటిస్‌బర్గ్ ఉపన్యాసం, చివరకు నాటకశాలలో తగిలిన తుపాకి గుండు. ఇదంతా 1861 మొదలు 1865 వరకు గడచిన కొద్ది కాలపు చరిత్ర. దానికి పాతికేండ్ల పూర్వం అదే లింకన్ ఇలినాయ్ అనే రాష్ట్రంలో ఒక సామాన్య శాసనసభ్యుడు. 1834 మొదలు నాలుగు పర్యాయాలు వరుసగా ప్రజలు అతనిని ఎన్నుకొన్నారు. మేము ఈ ప్రసంగానికి తీసుకొన్నది ఆ మరుగుపడిన ఘట్టమే.

మారుమూల రాష్ట్రంలోని ఒక చిన్న సభలో ఏమి జరిగితే మనకేమని కొందరు అడుగవచ్చును. ప్రజాప్రతినిధి అయిన ప్రతివానికీ ఒక చిక్కు తప్పదు. తనను పంపినవారి మాట వినవలెనా, తన అంతరాత్మ మాట వినవలెనా? రెండూ ఒకటైనప్పుడు ఇబ్బంది లేదు. వేరైనప్పుడే మనిషి బయటపడతాడు. లింకన్ ఈ చిక్కును మొదట ఎదుర్కొన్నది అధ్యక్షుడైన తరువాత కాదు, ఆ చిన్న సభలోనే.

అతడు 1809 ఫిబ్రవరి 12న కెంటకీ రాష్ట్రంలో దుంగలతో కట్టిన ఒక గుడిసెలో జన్మించాడు. బడిలో గడపిన రోజులన్నీ కలిపినా ఒక్క సంవత్సరం కాదు. తండ్రి వ్యవసాయదారుడు. కుటుంబం మొదట ఇండియానాకు, 1830లో ఇలినాయ్‌కు వలస వచ్చినది. మరుసటి ఏడు లింకన్ తండ్రిని విడచి, సాంగమన్ నది ఒడ్డున ఉన్న న్యూ సేలం అనే చిన్న పల్లెకు చేరి, ఒక దుకాణంలో గుమాస్తాగా కుదిరాడు. ఊరికి వచ్చి సంవత్సరం తిరగకముందే, 1832 మార్చిలో, శాసనసభకు నిలబడుతున్నట్లు ప్రకటించాడు. అప్పటికి వయస్సు 23 ఏండ్లు. ఆస్తి లేదు, బంధుబలగం లేదు, ఉద్యోగం కూడా నేడో రేపో పోయేదిగా ఉన్నది.

సాంగమన్ కౌంటీ ప్రజలను ఉద్దేశించి అతడు వ్రాసిన విజ్ఞప్తిని స్థానిక పత్రిక ప్రచురించినది. అందులో ఆకాశానికి నిచ్చెనలు వేయలేదు. రైలుమార్గం మంచిదే, కాని దాని ఖర్చు 2,90,000 డాలర్లని అంచనా వేశారు, అంత సొమ్ము మన శక్తికి మించినది, కాబట్టి ముందు మన నదిని బాగుచేసుకొని పడవలు నడిపించుకొందామన్నాడు. అధిక వడ్డీని అరికట్టే చట్టం కావాలన్నాడు. విద్యకు మించిన విషయం ప్రజల ముందు మరొకటి లేదన్నాడు. తాను పేదరికంలో పుట్టి పేదరికంలోనే ఉన్నవాడననీ, సిఫారసు చేసే ధనికులు తనకు లేరనీ దాచకుండా చెప్పుకొన్నాడు. ఆ నెలలోనే టాలిస్మన్ అనే స్టీమరు సాంగమన్ నదిలో ఎగువకు వచ్చినది. అడ్డుపడిన కొమ్మలను గొడ్డళ్ళతో నరికి దారి చేసినవారిలో మన అభ్యర్థి ఒకడు. తిరుగు ప్రయాణంలో నీరు తగ్గి, న్యూ సేలం వద్ద ఆనకట్ట కొంత పగులగొడితే గాని ఓడ సాగలేదు. నదిమీద పెట్టుకొన్న ఆశ ఎంత లోతుదో ఆనాడే తెలిసిపోయినది.

ఇంతలో ఏప్రిలులో బ్లాక్ హాక్ అనే ఆదివాసి నాయకునితో యుద్ధం వచ్చినది. లింకన్ స్వచ్ఛంద సైన్యంలో చేరాడు. కెప్టెన్ పదవికి అభ్యర్థులు ఎదురుగా నిలబడితే, సైనికులు తాము కోరిన వాని వెనుక వరుస కట్టాలి. లింకన్ వెనుక వరుసే పొడుగయినది. అతడు గెలిచిన మొదటి ఎన్నిక ఇదే. యుద్ధంలో శత్రువు కంటబడలేదు, దోమలతో మాత్రం చాలా పోరాడానని తరువాత తానే హాస్యమాడేవాడు. జూలైలో ఇల్లు చేరేసరికి పోలింగుకు మిగిలినది కొద్ది రోజులు మాత్రమే.

రహస్య వోటుకు అలవాటుపడిన మనకు ఆనాటి పోలింగు వింతగా తోచును. ఇలినాయ్‌లో 1829 మొదలు 1848 వరకు వోటు నోటితోనే వేసేవారు. వోటరు అధికారుల బల్ల ముందుకు వచ్చి, తన పేరు చెప్పి, ఎవరెవరికి వోటు వేస్తున్నాడో నలుగురూ వినేటట్లు పలకాలి. గుమాస్తా దానిని పుస్తకంలో వ్రాసుకొంటాడు. బాకీ ఇచ్చిన షావుకారూ, పొలం ఇచ్చిన భూస్వామీ, స్వయంగా అభ్యర్థీ పక్కనే నిలబడి వినవచ్చును. పైగా వోటు హక్కు ఉన్నది 21 ఏండ్లు నిండిన తెల్లజాతి పురుషులకే. స్త్రీలకూ నీగ్రోలకూ ఆ బల్ల దగ్గర స్థానం లేదు.

1832 ఆగస్టు 6న ఎన్నిక జరిగినది. స్థానాలు నాలుగు, అభ్యర్థులు 13 మంది. లింకన్‌కు 657 వోట్లు వచ్చి ఎనిమిదవ స్థానం దక్కినది. ప్రజలు నేరుగా వోటు వేసిన ఎన్నికలో తాను ఓడినది ఇదొక్కసారేనని చాలాకాలం తరువాత వ్రాసుకొన్నాడు. అయితే ఆ ఓటమిలో ఒక విశేషం ఉన్నది. అతనిని రోజూ చూచే న్యూ సేలంలో పోలైన 300 వోట్లలో 277 అతనివే. అదే కేంద్రం కొన్ని నెలల తరువాత అధ్యక్ష ఎన్నికలో లింకన్ అభిమానించిన హెన్రీ క్లేను కాదని, జాక్సన్‌కు 115 వోట్ల ఆధిక్యం ఇచ్చినది. పక్షం వేరైనా మనిషిని చూచి వోటు వేశారన్నమాట. తెలిసినవారు వేశారు, తెలియనివారు వేయలేదు. ఇక చేయవలసిన పని ఏమిటో స్పష్టమే.

ఆ పనికి తోడ్పడినది అతని దారిద్ర్యమే. భాగస్వామితో పెట్టిన దుకాణం దివాలా తీసినది. మీద పడిన అప్పు దాదాపు 1,100 డాలర్లు. దీనిని అతడు తన జాతీయ ఋణమని పిలిచేవాడు. తీర్చడానికి ఏండ్లు పట్టినది. బ్రతుకుతెరువుకు 1833లో పోస్టుమాస్టరు పని దొరికినది. ఉత్తరాలను టోపీలో పెట్టుకొని ఇంటింటికీ చేరవేసేవాడు. తరువాత సర్వేయరుకు సహాయకుడై, గొలుసు పట్టుకొని పొలాల హద్దులు కొలిచాడు. ఉత్తరం తెచ్చేవాడు, హద్దు తేల్చేవాడు కౌంటీలో ఎవరికి తెలియడు? 1834 ప్రచారంలో ఒక పొలంలో కోతకోస్తున్న ముప్ఫై మంది, మాతో సమానంగా పని చేయలేనివానికి వోటు వేయమన్నారట. అదేమంత కష్టమని లింకన్ పొడుగు పిడి కొడవలి అందుకొని, అందరికంటె ముందు నడిచి పొలం చుట్టివచ్చాడని అతని మిత్రుడొకడు చెప్పాడు. ఆగస్టులో ఫలితం తెలిసినది. 1,376 వోట్లతో రెండవ స్థానం. మొదటివానికీ అతనికీ తేడా 14 వోట్లు.

రాజధాని అప్పుడు వాండేలియా. సభకు వెళ్ళడానికి తగిన బట్టలు లేవు. ఒక పరిచితుని వద్ద 200 డాలర్లు బదులు తీసుకొని, అందులో కొంత పెట్టి జీవితంలో మొదటిసారి మంచి దుస్తులు కుట్టించుకొన్నాడు. సభ్యులు 55 మంది, భత్యం రోజుకు మూడు డాలర్లు. మొదటి సమావేశంలో ఎక్కువ మాట్లాడక, వినడం నేర్చుకొన్నాడు. సహసభ్యుడు జాన్ స్టువర్ట్ ప్రోత్సాహంతో, అతని పుస్తకాలే ఎరువు తెచ్చుకొని న్యాయశాస్త్రం చదివాడు. 1836లో న్యాయవాదిగా అనుమతి పొందాడు.

ఆ ఏడే మళ్ళీ ఎన్నికలు. ఈసారి పత్రికకు వ్రాసిన లేఖలో అతడు తన ధర్మం ఏమిటో చెప్పాడు. తనకు వోటు వేసినవారే కాదు, వ్యతిరేకించినవారు కూడా తన ప్రజలేనన్నాడు. ప్రజల అభిప్రాయం తెలిసిన విషయాలలో దానినే అనుసరిస్తాననీ, తెలియని విషయాలలో వారికి ఏది మేలని తన బుద్ధికి తోస్తే అది చేస్తాననీ అన్నాడు. పన్ను కట్టే లేదా ఆయుధం పట్టే తెల్లవారందరికీ వోటు ఉండవలెననీ, స్త్రీలను ఇందులోనుంచి మినహాయించడం లేదనీ కూడా వ్రాశాడు. ఆ రోజులలో అది సాహసమే. కాని ఆ వాక్యంలో తెల్లవారు అన్న మాట ఉన్నది. దానిని మనం దాటవేయకూడదు.

ఆ ప్రచారంలో జరిగిన ఒక సంఘటన నేటికీ చెప్పుకొంటారు. ఫోర్కర్ అనే నాయకుడు పక్షం ఫిరాయించి, ఏడాదికి 3,000 డాలర్ల ఉద్యోగం సంపాదించి, కొత్త మేడ కట్టి, దానిమీద పిడుగు పడకుండా లోహపు కడ్డీ నిలిపాడు. ఆ ఊరిలో అది కొత్త వింత. సభలో అతడు లేచి, ఈ కుర్రవానిని కొంచెం దించవలసి ఉన్నదంటూ లింకన్‌ను ఎగతాళి చేశాడు. లింకన్ బదులు చెపుతూ, ఆదాయం కోసం పక్షం మార్చి, దేవుని కోపానికి భయపడి ఇంటిమీద కడ్డీ పెట్టుకొనేటంత కాలం బ్రతుకడంకంటె ఈ వయస్సులోనే చనిపోవడం మేలన్నాడు. మిత్రులు అతనిని భుజాలమీద ఎత్తుకొని పోయారట. పోలింగులో 1,716 వోట్లతో 17 మంది అభ్యర్థులలో ప్రథముడయ్యాడు.

జనాభా పెరిగినందున సాంగమన్ కౌంటీకి ఈసారి ఏడుగురు ప్రతినిధులు, ఇద్దరు సెనేటర్లు. తొమ్మిదిమందీ ఆజానుబాహువులే. అందరి ఎత్తూ కలిపితే 54 అడుగులని లెక్కవేసి, జనం వారికి పొడుగు తొమ్మిదిమంది అని పేరు పెట్టారు. వీరు వోటర్లకు ఇచ్చిన మాట ఒకటే. రాజధానిని వాండేలియానుంచి స్ప్రింగ్‌ఫీల్డ్‌కు తేవాలి. అప్పుడే రాష్ట్రమంతటా కాలువల, రైలుమార్గాల మోజు పట్టి ఉన్నది. కోటి డాలర్ల నిర్మాణ పథకం సభ ముందుకు వచ్చినది. దాదాపు ప్రతి పట్టణానికీ ఒక రైలుదారి వాగ్దానం చేశారు. ఏదీ దక్కని కౌంటీలకు 2,00,000 డాలర్లు నగదుగా పంచుతామన్నారు. అయిదేండ్ల క్రితం రైలు మనకు తగదన్న లింకన్ ఇప్పుడు ఈ పథకానికి గట్టి సమర్థకుడు. 1837 ఫిబ్రవరి చివర పథకం చట్టమయినది. ఫిబ్రవరి 28న ఉభయ సభల సమావేశంలో నాలుగవ విడత వోటింగులో 73 వోట్లతో రాజధాని స్ప్రింగ్‌ఫీల్డ్‌కు దక్కినది. మా ఊరికి రాజధాని, మీ ఊరికి రైలు అన్న బేరం సాగినదని ప్రత్యర్థులు ఆరోపించారు. బేరం ఎంతవరకు నిజమో చరిత్రకారులు నేటికీ వాదించుకొంటారు. వోటర్లు కోరినది మాత్రం లింకన్ చేసి చూపాడు.

అదే సమావేశంలో మరొక విషయం వచ్చినది. బానిసత్వాన్ని రద్దు చేయాలనే సంఘాలను ఖండిస్తూ, బానిసలపై యజమానుల హక్కు పవిత్రమంటూ కొన్ని తీర్మానాలు జనవరిలో ప్రతినిధుల సభకు వచ్చాయి. 77 మంది అనుకూలం, ఆరుగురు వ్యతిరేకం. ఆ ఆరుగురిలో లింకన్ ఒకడు. అంతటితో ఊరుకోలేదు. మార్చి 3న, డాన్ స్టోన్ అనే సహసభ్యునితో కలిసి, తమ అసమ్మతిని సభా రికార్డులో చేర్పించాడు. బానిసత్వానికి పునాది అన్యాయమూ దుర్నీతీ అని వారిద్దరూ అందులో స్పష్టంగా వ్రాశారు. అయితే రద్దు ప్రచారంవల్ల కీడు తగ్గడానికి బదులు పెరుగుతుందనీ, రాష్ట్రాలలోని బానిసత్వం జోలికి పోయే అధికారం కాంగ్రెసుకు లేదనీ కూడా వ్రాశారు. జాగ్రత్తగా తూచిన మాటలు అవి.

ఇక్కడ తేదీలు గమనించవలసి ఉన్నది. తీర్మానాలపై వోటు జనవరిలో, రాజధానిపై వోటు ఫిబ్రవరి 28న, అసమ్మతి పత్రం మార్చి 3న. ముందే ఆ పత్రం పెట్టి ఉంటే, దక్షిణాదినుంచి వలస వచ్చిన కుటుంబాల ప్రతినిధులు స్ప్రింగ్‌ఫీల్డ్‌కు వోటు వేసేవారా? ప్రజలకు ఇచ్చిన మాట చెల్లించిన తరువాతనే తన అంతరాత్మకు చెల్లించవలసినది చెల్లించాడు. దీనిని లౌక్యమనవచ్చును. కాని ఒక మాట మరువరాదు. ఈ విషయంలో తన ప్రజల అభిప్రాయం లింకన్‌కు తెలియనిది కాదు. తెలిసినచోట వారి మాటే వింటానని దాదాపు తొమ్మిది నెలల క్రితం అచ్చులో వాగ్దానం చేసినవాడు, తెలిసి తెలిసి వారికి నచ్చని మాట వ్రాసి సంతకం పెట్టాడు. డాన్ స్టోన్ మళ్ళీ ఎన్నికలకు నిలబడే ఉద్దేశంలో లేడు. లింకన్‌కు ఆ ఉద్దేశం ఉన్నది. ఆ నవంబరులోనే అదే రాష్ట్రంలోని ఆల్టన్ పట్టణంలో, బానిసత్వాన్ని ఖండించిన పత్రికా సంపాదకుడు ఎలైజా లవ్‌జాయ్‌ని ఒక అల్లరిమూక కాల్చి చంపినది. ఆ సంతకం ఎటువంటి గాలిలో పెట్టినదో దీనినిబట్టి ఊహించవచ్చును.

వోటర్లు అతనిని శిక్షించలేదు. రాజధాని తెచ్చినవాడన్న కృతజ్ఞతతో 1838లో మళ్ళీ ప్రథమస్థానం ఇచ్చారు. శిక్ష మరొక దిక్కునుంచి వచ్చినది. 1837లో దేశమంతటా బ్యాంకులు చెల్లింపులు ఆపివేశాయి. కోటి డాలర్ల పథకం కుప్పకూలినది. కట్టిన రైలుమార్గాలలో చెప్పుకోదగినది మెరిడోసియానుంచి స్ప్రింగ్‌ఫీల్డ్ వరకు వేసిన ముక్క ఒక్కటే. దానిని కూడా తరువాత పెట్టుబడిలో అత్యల్ప భాగానికి అమ్మివేశారు. 1840 తరువాత రాష్ట్రం వడ్డీ కట్టలేని స్థితికి వచ్చినది. అప్పు పూర్తిగా తీరేసరికి ఇంచుమించు నలభై ఏండ్లు గడచాయి. నడిమి ఏట పడవ ఆపితే నిలువదు, వెనుకకు కొట్టుకొనిపోతుందని లింకన్ పథకాన్ని చివరివరకు సమర్థించాడు. భూమికి విలువనుబట్టి పన్ను వేసే చట్టాన్ని కూడా సమర్థిస్తూ, ఆ భారం కొద్దిమంది ధనికులపై పడుతుంది గాని పేదలపై కాదనీ, ధనికులు ఎన్నికలు గెలిపించేటంత మంది లేరనీ ఒక లేఖలో వ్రాశాడు. ప్రజలు కోరినది ఇవ్వడమే ప్రతినిధి ధర్మమైతే, కోటి డాలర్ల పథకంకంటె ప్రజలు కోరినది మరొకటి లేదు. వారి కోరిక నెరవేరినది, వారి పిల్లలు అప్పు కట్టారు.

1840 నాటికి లింకన్ విగ్ పక్షానికి వ్యూహకర్త. ప్రతి కౌంటీని చిన్న ముక్కలుగా విభజించి, వోటర్ల పూర్తి జాబితా వ్రాసి, ఊగిసలాడే వారిని గుర్తించి, వారు నమ్మినవారిచేత వారికి నచ్చజెప్పించాలని కార్యకర్తలకు లేఖలు పంపాడు. ఈనాటికీ పక్షాలు చేస్తున్నది అదే గదా! కాని రాష్ట్రమంతా తిరుగుతూ అధ్యక్ష ఎన్నికకు ప్రచారం చేసిన అతనికి సొంత కౌంటీలో 1,844 వోట్లే వచ్చాయి. గెలిచిన అయిదుగురిలో అతడే చివరివాడు.

ఆ డిసెంబరు 5న సభలో జరిగినది హాస్యాస్పదం. కొత్త శాసనసభ భవనం ఇంకా పూర్తికాలేదు, సమావేశం ఒక చర్చిలో. ఆనాడు సమావేశం ముగిస్తే రాష్ట్ర బ్యాంకు వెంటనే నాణేలలో చెల్లించవలసి వస్తుంది. అది తప్పించాలని విగ్ సభ్యులు రాకుండా ఉండి, కోరం లేకుండా చేయబోయారు. లోపల కనిపెట్టుకొని ఉన్న లింకన్, మరి ఇద్దరు మిత్రులు, కోరం పూర్తి కావచ్చినదని తెలిసి తలుపువైపు వెళ్ళలేక కిటికీలోనుంచి దూకారు. అప్పటికే వారిని లెక్కపెట్టివేశారు! అంత పొడుగువానికి కిటికీ ఒక ఎత్తా, మేడమీద మరొక అంతస్తు వేయవలసినదని ప్రత్యర్థి పక్షం వెక్కిరించినది. 1841లో సమావేశాలు ముగిశాక లింకన్ మళ్ళీ ఆ సభకు నిలబడలేదు.

కాని కథ అక్కడ ముగియలేదు. 1854లో స్టీవెన్ డగ్లస్ తెచ్చిన చట్టం కొత్త భూభాగాలకు బానిసత్వం వ్యాపించడానికి తలుపు తెరచినది. కాంగ్రెసులో ఒక పర్యాయం పనిచేసి, అయిదేండ్లుగా న్యాయవాద వృత్తిలో మునిగి ఉన్న లింకన్ మళ్ళీ రంగంలోకి దిగాడు. నవంబరులో శాసనసభకు అయిదవసారి ఎన్నికయ్యాడు. అప్పుడు అమెరికా సెనేటర్లను ఎన్నుకొనేది శాసనసభలే. ఇలినాయ్ రాజ్యాంగం ప్రకారం శాసనసభ్యుడు ఆ పదవికి అర్హుడు కాడు. సెనేటుకు పోటీ చేయదలచి లింకన్ తన స్థానం వదలుకొన్నాడు. ఉప ఎన్నికలో ప్రత్యర్థులు దానిని కైవసం చేసుకొన్నారు. 1855 ఫిబ్రవరి 8న సెనేటు ఎన్నికలో మొదటి విడతలో అతని లెక్క ప్రకారం అతనికి 44 వోట్లు, ట్రంబుల్ అనే మరొక బానిసత్వ విస్తరణ వ్యతిరేకికి అయిదు. విడతలు గడచినకొద్దీ డగ్లస్ పక్షం గవర్నరు మాటిసన్‌ను ముందుకు తెచ్చినది. అతడు గెలిచేటట్లు కనిపించగానే, లింకన్ తనవారినందరినీ ట్రంబుల్‌కు వోటు వేయమన్నాడు. పదవ విడతలో 51 వోట్లతో ట్రంబుల్ గెలిచాడు. 44 వోట్లవాడు అయిదు వోట్లవానికి పదవిని అప్పగించాడు.

రాజధాని కోసం తన అసమ్మతిని ఆరు వారాలు ఆపి ఉంచిన 1837నాటి యువకునికీ, సిద్ధాంతం కోసం సెనేటు పదవినే విడచిన ఈ నడివయస్సు మనిషికీ మధ్య గడచినది పదునెనిమిది ఏండ్లు. ఈ మార్పు ఒక్కరోజులో వచ్చినది కాదు. వోటు అడుగుతూ పొలాలలో కోత కోసినప్పుడు, అప్పుల పథకానికి చేయి ఎత్తినప్పుడు, 77 మందికి ఎదురు నిలిచినప్పుడు, కిటికీ దూకి నవ్వులపాలైనప్పుడు కొంచెం కొంచెంగా వచ్చినది. మహాపురుషులు ఆకాశంనుంచి ఊడిపడతారని మనం అనుకొంటాము. వారిలో కొందరు కౌంటీ ఎన్నికలలో ఎనిమిదవ స్థానంతో మొదలు పెడతారు. మన ముందు వోటు కోసం నిలబడే యువకుని నేడు ఏమి ఇస్తావని అడగడం మన హక్కు. మేము వద్దన్నా నీవు ఏ మాట మీద నిలబడతావని కూడా అడిగే ఓపిక మనకు ఉండవలెనని మేము భావిస్తున్నాము.